లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసేయమని అర్జీ వచ్చింది, పాఠకులుగా మనం ఏం చేయొచ్చు?

చినుకుచప్పుడు

అందరికీ నమస్కారం. మా లైబ్రరీలో టీనేజీ పిల్లల విభాగం నుంచి కొన్ని నవలలు తీసేయాలని కొందరు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. వచ్చే కమిటీ మీటింగులో దాని మీద చర్చ ఉంటుందని నోటీసు బోర్డులో పెట్టారు. ఆ జాబితాలో రెండు నవలలు నేను చదివినవే. ఒకటి సవతి తండ్రి చేతిలో దెబ్బలు తినే అమ్మాయి కథ, ఇంకోటి యుద్ధంలో ఇల్లు వదిలి పారిపోయిన కుటుంబం కథ. రెండింట్లోనూ చదవడానికి కష్టమైన పేజీలు ఉన్నాయి, కాదనను. కానీ నిజంగానే అలాంటి కష్టంలో ఉన్న పిల్ల ఎవరైనా ఆ పుస్తకం తీసి, ఇలా జరుగుతున్నది నా ఒక్కదానికే కాదు అనుకునే అవకాశం పోతుంది కదా, అదీ నా బాధ.

చాలా ఏళ్లుగా సభ్యురాలిని. పుస్తకాలు తెచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం తెలుసు గానీ కౌంటరు వెనకాల ఏం జరుగుతుందో తెలియదు. ఏ పుస్తకం కొనాలో ఎవరు నిర్ణయిస్తారు? తీసేయమంటే తీసేసే అధికారం ఎవరిది? మామూలు సభ్యులు మీటింగులో మాట్లాడొచ్చా? అర్జీ పెట్టినవాళ్లలో నాకు తెలిసినవాళ్లూ ఉన్నారు, వాళ్లతో గొడవ పడాలని లేదు, అలాగని ఊరుకోవాలనీ లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అరలసర్దుబాటు

నేను లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీటింగు దాకా ఆగకండి. ముందు వెళ్లి లైబ్రేరియన్‌ని కలవండి. వెళ్లగానే అర్జీ సంగతి ఎత్తొద్దు. "పుస్తకాల ఎంపికకి మన దగ్గర రాతపూర్వకంగా పాలసీ ఉందా, ఉంటే ఒక కాపీ ఇస్తారా" అని అడగండి. కొన్ని చోట్ల అది పక్కాగా ఉంటుంది, కొన్ని చోట్ల ఎప్పుడో రాసి ఏ ఫైల్లోనో పెట్టేసి ఉంటారు, కొన్ని చోట్ల అసలు ఉండదు. ఉందా లేదా అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. పాలసీ ఉన్న చోట ఎవరు అర్జీ పెట్టినా ఒకటే పద్ధతి. లేని చోట ఎవరు గట్టిగా మాట్లాడితే, ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్ల మాట చెల్లుతుంది.

మంచి పాలసీలో రెండు సంగతులు ఉండాలి. మొదటిది, పుస్తకాలు ఏ ప్రాతిపదికన కొంటారు, అంటే పాఠకుల అవసరం, సమీక్షలు, రచన నాణ్యత, ఒక విషయం మీద వేర్వేరు అభిప్రాయాలు దొరకడం, ఇలాంటివి. రెండోది, ఎవరికైనా ఒక పుస్తకం మీద అభ్యంతరం ఉంటే ఏం చేయాలి. రెండోది చాలామంది రాయరు, కానీ కష్టం వచ్చినప్పుడు ఆదుకునేది అదే. అభ్యంతరం ఉన్న మనిషి ఒక ఫారం నింపాలి. పుస్తకం మొత్తం చదివారా, ఏ భాగం మీద అభ్యంతరం, ఎందుకు, మీరు కోరేది ఏమిటి అని అందులో అడుగుతారు. తర్వాత ఇద్దరు ముగ్గురు ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి రాతపూర్వకంగా అభిప్రాయం ఇస్తారు. ఆ నిర్ణయం వచ్చేదాకా పుస్తకం అరలోనే ఉంటుంది. ఈ చివరి వాక్యం పాలసీలో లేకపోతే అడిగి మరీ పెట్టించండి. విచారణ పేరుతో పుస్తకాన్ని లోపలి గదిలో పెట్టేస్తే ఇక అది బయటికి రాదు, నా సర్వీసులో కళ్లారా చూశాను.

ఫారం అంటే అభ్యంతరం చెప్పేవాళ్లని వేధించడానికి పెట్టిన అడ్డంకి అనుకోకండి. ఎవరో పంపిన నాలుగు లైన్ల స్క్రీన్‌షాట్ చూసి కోపం తెచ్చుకుని వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. ఆ ఫారం నింపడానికి పుస్తకం ఇంటికి తీసుకెళ్లి చదివి, మళ్లీ వచ్చి "సరేలెండి, ఉండనివ్వండి" అన్నవాళ్లూ ఉన్నారు.

ఇంకో మాట. కొనడం, తీసేయడం రోజువారీ పనిగా లైబ్రేరియన్ చేతిలో ఉంటుంది. కమిటీ పాలసీ చూస్తుంది, బడ్జెట్ చూస్తుంది. కమిటీ సభ్యులు ఒక్కో పుస్తకం మీద ఓటేయడం మొదలెడితే అది ఎక్కడా ఆగదు.

నీలిసిరా

నేను రెండో పక్క నుంచి మాట్లాడతాను, కోప్పడకండి. ఇలాంటి అర్జీ మీద నేనూ ఒకసారి సంతకం పెట్టాను. మా బాబుకి పదకొండేళ్లు. టీనేజీ అర నుంచి వాడు తెచ్చిన ఒక పుస్తకంలో ఆత్మహత్య గురించి చాలా వివరంగా ఉంది. రాత్రి నిద్రపోకుండా నన్ను ప్రశ్నలు అడిగాడు. ఆ వయసుకి అది ఎక్కువ. తల్లిగా నేను ఏదీ అడగకూడదా? "చదివే స్వేచ్ఛ" అని పెద్ద మాట అనేసి మాలాంటి వాళ్లందరినీ పుస్తకాల శత్రువుల్లా చూస్తున్నారు. నేను పుస్తకాలకి శత్రువుని కాను, మా ఇంటి నిండా పుస్తకాలే.

అరలసర్దుబాటు

@నీలిసిరా గారూ, మీ బాధలో తప్పేం లేదు. మీరు అడగాలి, తప్పకుండా అడగాలి. మీ బాబు ఏం చదవాలి, ఎప్పుడు చదవాలి అన్నది మీరు, మీ బాబు కలిసి నిర్ణయించుకోవాలి. లైబ్రేరియన్ ఆ పని మీ బదులు చేయలేడు, చేయకూడదు కూడా. కానీ అదే అరకి పదహారేళ్ల అమ్మాయి కూడా వస్తుంది, వాళ్లమ్మ ఆ పుస్తకం చదవమని తనే చెప్పి పంపి ఉండొచ్చు. మీరు పుస్తకం తీసేయమంటే ఆ తల్లి హక్కు కూడా మీరే తీసుకున్నట్టు అవుతుంది.

మీరు అడగదగ్గవి వేరే ఉన్నాయి. పిల్లల విభాగం ఎక్కడ ముగుస్తుంది, టీనేజీ విభాగం ఎక్కడ మొదలవుతుంది అన్నది బోర్డు మీద స్పష్టంగా రాయమనండి. పదకొండేళ్ల పిల్లలకి పుస్తకాలు సూచించమని లైబ్రేరియన్‌ని అడగండి, అది వాళ్ల పనిలో అతి ఇష్టమైన భాగం. ఒక పుస్తకం నిజంగానే తప్పు విభాగంలో ఉందనిపిస్తే అది కూడా ఫారం మీద రాయొచ్చు, దాన్నీ పరిశీలిస్తారు. అయితే ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. పదిహేనేళ్ల పిల్లల కోసం రాసిన పుస్తకాన్ని పెద్దల విభాగంలో ఏ మూలో పెడితే అది ఉన్నా లేనట్టే.

పాతపేజీ

చరిత్ర నుంచి ఒక సంగతి చెబుతాను, ఎందుకంటే ఇలాంటి వాటిలో ఒక చోట ఓడిపోయిన మాట ఇంకో చోట నిలబడింది.

1939 ఆగస్టులో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, కెర్న్ కౌంటీలో స్టైన్‌బెక్ నవల "ద గ్రేప్స్ ఆఫ్ రాత్"ని లైబ్రరీల్లోంచి, బడుల్లోంచి తీసేయాలని కౌంటీ బోర్డు తీర్మానం చేసింది. ఆ నవలలో వలస కూలీల కుటుంబం చేరేది అటువైపు పొలాల్లోకే, కాబట్టి పెద్ద రైతులకి కోపం వచ్చింది. అక్కడి లైబ్రేరియన్ గ్రెచెన్ నీఫ్ బోర్డుకి నిరసనగా ఉత్తరం రాసింది. ఒక పుస్తకాన్ని నిషేధిస్తే అందులో ఉన్న ఆలోచనలు చచ్చిపోవు అన్నది దాని సారాంశం. బోర్డు వినలేదు. నిషేధం 1941 జనవరి దాకా నడిచింది. కానీ అదే 1939లో, ఈ నిషేధానికి కొంచెం ముందే, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లైబ్రరీ హక్కుల ప్రకటనని ఆమోదించింది. ఆ తర్వాత 1953లో, కమ్యూనిస్టు ముద్ర వేసి మనుషుల ఉద్యోగాలు తీసేస్తున్న రోజుల్లో, ప్రచురణకర్తలతో కలిసి చదివే స్వేచ్ఛ మీద ఒక ప్రకటన చేసింది. ఈ రోజు చాలా లైబ్రరీల పాలసీల్లో కనిపించే వాక్యాలు వీటి నుంచి వచ్చినవే.

ఇంకో ఘటన చెప్పకుండా ఉండలేను. 1961 మార్చి 27న మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో టుగలూ కాలేజీకి చెందిన తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకి మాత్రమే అనుమతి ఉన్న పబ్లిక్ లైబ్రరీలోకి వెళ్లారు. వాళ్లకి కేటాయించిన లైబ్రరీలో దొరకని పుస్తకాలు కావాలని అడిగి, కూర్చుని చదవడం మొదలెట్టారు. పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. వాళ్లు చేసిన నేరం చదవడం, అంతే. ఏ పుస్తకం అరలో ఉండాలి అన్న గొడవ కంటే ముందు, ఆ గది లోపలికి ఎవరు రావొచ్చు అన్న గొడవ నడిచిందని గుర్తుంచుకోవాలి. చదివే స్వేచ్ఛలో రెండూ ఉన్నాయి.

మూడోబెంచి

మన దగ్గర ఇంకో దారి కూడా తొక్కారు కదా @పాతపేజీ గారూ. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని కాలవ వెంట ఊళ్లకి తీసుకెళ్లారని చదివాను. లోపలికి రావడానికి ఎవరికి అనుమతి అన్న ప్రశ్నే లేకుండా పుస్తకమే మనిషి దగ్గరికి వెళ్లింది.

పాతపేజీ

అవును, చాలా గొప్ప పని అది. ఆంధ్ర గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారు మొదలుకుని ఆ తరం వాళ్లంతా లైబ్రరీని జనం సొంతంగా నడుపుకునే సంస్థగా చూశారు, ఎవరో దయతో ఇచ్చిందిగా చూడలేదు. ఇవాళ మనం కమిటీ మీటింగుకి వెళ్లడానికి మొహమాటపడుతున్నాం చూడండి, వాళ్లయితే ఆ మీటింగే తామే పెట్టుకునేవాళ్లు.

కోర్టుమెట్లు

న్యాయవాదిని. చట్టం వైపు నుంచి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది "కోర్టుకి వెళ్తే సరి" అనుకుంటారు.

మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన, 1948, ఆర్టికల్ 19లో సమాచారాన్ని వెతుక్కునే, అందుకునే, పంచుకునే హక్కు ఉంది. అంటే పాఠకుడికీ అందులో చోటుంది, రాసేవాడికి మాత్రమే కాదు. కానీ దేశానికో చట్టం, కోర్టుకో తీర్పు. అమెరికాలో 1982లో పికో కేసులో సుప్రీంకోర్టు, ఆలోచనలు నచ్చలేదన్న ఒక్క కారణంతో స్కూలు బోర్డు లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసేయకూడదంది. అయితే ఆ అభిప్రాయం వెనక మెజారిటీ జడ్జీలు లేరు, అందుకే దాని బలం మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. 2025 మేలో టెక్సస్‌లోని లానో కౌంటీ కేసులో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, పబ్లిక్ లైబ్రరీ ఒక పుస్తకం తీసేస్తే పాఠకులు వాక్స్వేచ్ఛ పేరుతో సవాలు చేయలేరని చెప్పేసింది. అదే కౌంటీలో 2023లో, తీసేసిన పుస్తకాలు తిరిగి పెట్టమని కింది కోర్టు ఆదేశించినప్పుడు, ఏకంగా లైబ్రరీలే మూసేద్దామా అని అధికారులు మీటింగు పెట్టారు. జనం పెద్ద ఎత్తున వచ్చారు, మూసే ఆలోచన విరమించుకున్నారు.

దాన్ని గమనించండి. అక్కడ కోర్టు చివరికి పాఠకుల పక్షాన నిలబడలేదు, కానీ లైబ్రరీ తలుపులు తెరిచి ఉన్నాయంటే మీటింగుకి వచ్చిన జనమూ ఒక కారణం.

ఇండియా సంగతి అడుగుతారని తెలుసు. ప్రభుత్వం ఒక పుస్తకాన్ని జప్తు చేస్తూ ప్రకటన ఇచ్చే అధికారం ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 95వ సెక్షన్లో ఉండేది, ఇప్పుడు కొత్త చట్టంలోకి వచ్చింది. ఆ ప్రకటనని ఆ పుస్తకంతో సంబంధం ఉన్న ఏ వ్యక్తయినా రెండు నెలల్లో హైకోర్టులో సవాలు చేయొచ్చు. ఇది చాలామందికి తెలియదు. 2016లో తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ నవల కేసులో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పు వీలైతే చదవండి. నచ్చకపోతే పుస్తకం పక్కన పెట్టేసే స్వేచ్ఛ పాఠకుడికి ఉందని, రచయిత మళ్లీ రచనలు మొదలుపెట్టాలని చెప్పిన తీర్పు అది.

పచ్చగన్నేరు

కోర్టులు, చరిత్ర అన్నీ బాగున్నాయి, కానీ నిజం మాట్లాడుకుంటే ఈ రోజుల్లో ఎవరికి కావాలండీ ఈ గొడవ? పుస్తకం తీసేస్తే పిల్లలు ఫోన్లో చదువుకుంటారు. ఏదీ దాచలేరు.

మూడోబెంచి

@పచ్చగన్నేరు గారూ, నేను కాలేజీలో చదువుతున్నాను. ఫోన్ ఉన్న పిల్లల సంగతి సరే. ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఫోన్ ఉండి, అందులో ఏం చూశావని రోజూ చెక్ చేసే ఇళ్లు ఎన్ని లేవు? అలాంటి ఇంట్లో పిల్లకి ఎవరూ అడగకుండా ఒక పుస్తకం తీసి గంటసేపు చదువుకునే చోటు లైబ్రరీ ఒక్కటే. నాకు ఆ చోటు చాలా ఉపయోగపడింది, అంతకంటే వివరంగా ఇక్కడ రాయలేను.

ఇంకోటి, ఫోన్లో దొరికేదంతా మనది కాదు. లైబ్రరీ కాగితం పుస్తకం కొంటే అది లైబ్రరీ సొంతం, చిరిగిపోయేదాకా ఉంటుంది. ఈబుక్ అలా కాదు, లైసెన్సు మీద వస్తుంది. 2011లో హార్పర్‌కాలిన్స్ ఒక ఈబుక్‌ని 26 సార్లు అరువిచ్చాక లైబ్రరీ మళ్లీ కొనాలని రూలు పెట్టింది. ఇప్పుడు ఎక్కువగా గడువు లైసెన్సులు, ఆ కాలం అయిపోతే కొత్తగా డబ్బు కట్టకపోతే కాటలాగు నుంచి పుస్తకం పోతుంది. ఎవరూ నిషేధించనక్కర్లేదు.

అరలసర్దుబాటు

మంచి సంగతి ఎత్తారు. దీనితో పాటు ప్రైవసీ గురించి కూడా చెప్పాలి. మీరు ఏం చదివారన్నది లైబ్రరీకి తెలుసు, దాన్ని ఎవరికీ చెప్పకపోవడం మా వృత్తి ధర్మం. 2005లో అమెరికాలోని కనెటికట్‌లో ఎఫ్‌బీఐ ఒక లైబ్రరీ నెట్‌వర్క్ నుంచి పాఠకుల కంప్యూటర్ వాడకం వివరాలు ఇమ్మంది, పైగా ఈ సంగతి ఎవరితోనూ చెప్పకూడదంది. ఆ సంస్థ బాధ్యులైన నలుగురు లైబ్రేరియన్లు ఇవ్వకుండా కోర్టుకి వెళ్లారు. తమ పేరు బయటికి చెప్పుకునే వీలు కూడా లేకుండా నెలల తరబడి కొట్లాడారు, చివరికి 2006లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది.

మీరు లైబ్రేరియన్‌ని కలిసినప్పుడు ఇది కూడా అడగండి. పుస్తకం తిరిగి ఇచ్చాక ఎవరు తీసుకున్నారన్న రికార్డు ఉంచుతారా, చెరిపేస్తారా? రిజిస్టర్లో రాసే పద్ధతి ఉంటే ఆ రిజిస్టరు కౌంటరు మీద అందరికీ కనిపించేలా ఉంటుందా? నా పేరు పక్కన ఏం రాశారో వెనక నిలబడిన మనిషి చదవగలిగితే, కొన్ని పుస్తకాలు నేను ఎప్పటికీ తీసుకోను కదా.

తెల్లకాగితం

ఒకటి చెబుతాను, ఎవరూ అనలేదు కాబట్టి. అర్జీలు వచ్చేవి కొన్నే. అర్జీ రాకుండానే పోయే పుస్తకాలే ఎక్కువ. గొడవ ఎందుకులే అని అసలు కొనకపోవడం, కొన్నా అరలో పెట్టకుండా "అడిగితే ఇద్దాం" అని లోపల ఉంచడం. 1950ల చివర్లో మార్జరీ ఫిస్క్ కాలిఫోర్నియా లైబ్రేరియన్లని కలిసి చేసిన అధ్యయనంలో తేలింది ఇదే. ఎవరూ ఫిర్యాదు చేయకముందే, చేస్తారేమోనన్న భయంతోనే చాలామంది వివాదం రాగల పుస్తకాలు కొనడం మానుకున్నారు. నేనైతే దీనికి లైబ్రేరియన్లని తప్పుపట్టను. పాఠకులు ఎవరూ పలకరించని చోట, పలకరించేవాళ్లంతా అభ్యంతరం చెప్పేవాళ్లే అయిన చోట, ఉద్యోగి ఇంకేం చేస్తాడు?

అందుకే నా మాట ఒక్కటే. పుస్తకం బాగుంటే ఆ సంగతి కూడా లైబ్రరీకి చెప్పండి. సూచనల పుస్తకంలో కావాల్సిన పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ వివరాలతో రాయండి. "ఈ నవల తెప్పించినందుకు థాంక్స్" అని రెండు లైన్లు రాసి సంతకం పెట్టండి. కమిటీలో ఒకరు ఒక పుస్తకం మీద విరుచుకుపడినప్పుడు లైబ్రేరియన్ చేతిలో ఆ రెండు లైన్ల కాగితం ఉండటం చాలా తేడా చేస్తుంది. నేను కమిటీలో ఉన్నాను, అందుకే చెబుతున్నాను.

అరలసర్దుబాటు

దీనికి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఇంకా ఒక ప్రాక్టికల్ విషయం చెబుతాను. ప్రతి లైబ్రరీ ఎప్పటికప్పుడు పాత పుస్తకాలు ఏరి తీసేస్తుంది, స్థలం ఉండదు కాబట్టి అది తప్పదు. చిరిగినవి, తప్పుడు సమాచారం ఉన్నవి, ఏళ్ల తరబడి ఎవరూ తీసుకోనివి పోతాయి. ఈ ఏరివేతకి, సెన్సారుకి తేడా ఉంది, కానీ ఏరివేత పేరు చెప్పి నచ్చని పుస్తకం తీసేయడం కూడా తేలికే. మీరు ఒక పుస్తకం అరువు తీసుకున్న ప్రతిసారీ అది లెక్కలో పడుతుంది. బయటికి పోతున్న పుస్తకాన్ని "ఎవరూ చదవట్లేదు" అని తీసేయలేరు. లైబ్రరీలోనే కూర్చుని చదివినవాళ్లు పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టేయకుండా బల్ల మీదే వదిలేస్తే చాలా చోట్ల సిబ్బంది దాన్ని కూడా లెక్కలో రాసుకుంటారు. మీ లైబ్రరీలో ఏ పద్ధతో కనుక్కోండి.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి దారి వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని రెండు ఉన్నాయి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు వాటిని పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఒక అర్జీ ముందు కూర్చున్నాకే రెండోదాని బరువు తెలిసింది. ఆ పుస్తకానికి పాఠకుడు ఉన్నాడు, అతను ఈ గదిలో లేడు, అతని తరఫున మాట్లాడాల్సింది నేనే.

చినుకుచప్పుడు

అందరికీ చాలా థాంక్స్. లైబ్రేరియన్‌ని కలిశాను. పాలసీ ఉందట, కానీ అందులో కొనుగోలు సంగతి తప్ప అభ్యంతరాల సంగతి లేదు. ఆవిడే చెప్పారు, అర్జీ పెట్టినవాళ్లు చాలామందే వచ్చి కలిశారు గానీ పుస్తకాలు ఉంచమని వచ్చి అడిగిన మొదటి మనిషిని నేనేనట. వివాదంలో ఉన్న నవలలు ఇంకా అరలోనే ఉన్నాయి. మీటింగులో సభ్యులు మాట్లాడొచ్చు, ముందుగా పేరు ఇవ్వాలి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. పేరు ఇచ్చేశాను, ఇప్పుడు చాలా టెన్షన్‌గా ఉంది. మూడు నిమిషాల్లో ఏం చెప్పను?

తెల్లకాగితం

కమిటీ వైపు కూర్చునేవాడిగా చెబుతాను. పేరు, ఎన్నాళ్లుగా సభ్యులో చెప్పండి. ఏ పుస్తకం చదివారో చెప్పండి, అందులో ఏం ఉందో రెండు వాక్యాల్లో చెప్పండి. ఎందుకంటే ఆ గదిలో చాలామంది చదివి ఉండరు. దాన్ని ఎవరు చదివితే మేలు జరుగుతుందో చెప్పండి. చివర్లో ఒకే ఒక్క కోరిక పెట్టండి: "అభ్యంతరాలు పరిశీలించే పద్ధతి రాసుకోండి, అప్పటిదాకా పుస్తకాలు అరలో ఉంచండి." ఇది కమిటీకి తేలిక, ఎందుకంటే ఎవరినీ ఓడించకుండా ఒప్పుకోగలిగిన కోరిక. రాసుకుని వెళ్లి చదవండి, తప్పేం లేదు. ఆ కాగితం కాపీ సెక్రటరీకి ఇచ్చి మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, చేర్చమనండి. నోటితో అన్నది మర్చిపోతారు, మినిట్స్‌లో ఎక్కింది ఉంటుంది.

అర్జీ పెట్టినవాళ్లని ఒక్క మాట కూడా అనొద్దు. వాళ్లూ ఆ లైబ్రరీ సభ్యులే, రేపు కూడా మీరంతా అదే గదిలో చదువుకోవాలి.

మూడోబెంచి

వీలైతే ఆ పుస్తకం చదివిన పిల్లలని కూడా అడగండి. మీటింగులో మాట్లాడమని ఒత్తిడి చేయొద్దు, ఇష్టమైతే పేరు లేకుండా ఒక ఉత్తరం రాసి ఇస్తారు. వాళ్ల కోసమే అని అందరూ వాదించుకుంటారు, వాళ్లని మాత్రం ఎవరూ అడగరు.

నీలిసిరా

@చినుకుచప్పుడు గారూ, ఇవన్నీ చదివాక నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. ఆ పుస్తకం మా బాబుకి ఇప్పుడు వద్దు, ఆ మాట మీదే ఉన్నాను. కానీ తీసేయమని కాకుండా, విభాగం బోర్డు మార్చమని, వయసు సూచనలతో ఒక జాబితా పెట్టమని అడిగి ఉంటే సరిపోయేదని ఇప్పుడు అనిపిస్తోంది. మీ మీటింగులో అర్జీదారులతో మాట్లాడే అవకాశం వస్తే ఈ దారి ఒకటుందని చెప్పి చూడండి. నాలాంటి వాళ్లు కొందరైనా ఒప్పుకుంటారు.

చినుకుచప్పుడు

మీటింగు అయిపోయింది. ఎలా జరిగిందో చెబుతాను.

హాలు నిండిపోయింది. అర్జీ తరఫున వాళ్లు ముందు మాట్లాడారు, కొన్ని పేజీలు గట్టిగా చదివారు. విడిగా వింటే నాకే ఇబ్బందిగా అనిపించింది. నా వంతు వచ్చినప్పుడు ఆ పేజీలకి ముందు ఏం జరుగుతుంది, తర్వాత ఏం జరుగుతుంది అన్నది చెప్పాను. ఆ అమ్మాయి చివరికి ఒక టీచరుకి సంగతి చెప్పడం, ఆవిడ నమ్మడం, అదీ కథ. అది వినగానే కమిటీలో ఒకాయన "ఈ పుస్తకం మనలో ఎవరు చదివారు?" అని అడిగారు. ఒక్కరే చెయ్యెత్తారు. నీలిసిరా గారి మాట కూడా చెప్పాను, బోర్డు, వయసు సూచనలు అని. అర్జీదారుల్లో ఇద్దరు తర్వాత నా దగ్గరికి వచ్చి దాని గురించి అడిగారు. మిగతావాళ్లు ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయారు, వాళ్లకి కోపంగానే ఉంది.

పిల్లల ఉత్తరాలు మూడు చదివారు. వాటి గురించి ఇక్కడ రాయను, అవి వాళ్లవి.

నిర్ణయం ఏంటంటే పుస్తకాలు తీసేయలేదు, ఉంచుతామని కూడా చెప్పలేదు. అభ్యంతరాల పద్ధతి మీద ముసాయిదా తయారు చేయడానికి చిన్న బృందం వేశారు, లైబ్రేరియన్, ఇద్దరు కమిటీ సభ్యులు, ఇద్దరు పాఠకులు. పాఠకుల్లో నేనొకదాన్ని, రెండో మనిషి అర్జీ పెట్టినవాళ్లలో ఒకరు. అది మంచిదే అనిపిస్తోంది. ముసాయిదాలో మొదటి పేరా ఎలా రాయాలో సాయం చేస్తారా?

అరలసర్దుబాటు

చాలా మంచి వార్త. అర్జీదారు బృందంలో ఉండటం నిజంగా మంచిదే, ఆయన లేకుండా రాసింది రేపు నిలవదు. ఇఫ్లా (అంతర్జాతీయ లైబ్రరీ సంఘాల సమాఖ్య), యునెస్కో కలిసి ఇచ్చిన పబ్లిక్ లైబ్రరీ మేనిఫెస్టో 2022 ప్రతి దగ్గర పెట్టుకోండి. లైబ్రరీ సేకరణ, సేవలు సైద్ధాంతిక, రాజకీయ, మత సెన్సారుకి లోబడకూడదని, వ్యాపార ఒత్తిళ్లకీ లోబడకూడదని అందులో ఉంది. మొదటి పేరాకి ఆధారంగా పెట్టుకోవడానికి సరిపోతుంది.

నేనైతే ఇలా రాస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి:

"ఏ సభ్యుడైనా ఒక పుస్తకం మీద అభ్యంతరాన్ని నిర్ణీత ఫారంలో తెలపవచ్చు. అభ్యంతరం ఒక పుస్తకానికి ఒకటిగా ఉండాలి, పుస్తకం మొత్తం చదివినట్టు తెలపాలి. పరిశీలన పూర్తయ్యేవరకు పుస్తకం తన అరలోనే ఉంటుంది, అరువు ఇవ్వబడుతుంది. పరిశీలకులు పుస్తకాన్ని పూర్తిగా చదివి, కారణాలతో రాతపూర్వకంగా నిర్ణయం తెలుపుతారు. ఆ నిర్ణయం సభ్యులందరికీ అందుబాటులో ఉంటుంది. ఒకసారి నిర్ణయమైన పుస్తకంపై నిర్దిష్ట కాలం వరకు తిరిగి పరిశీలన ఉండదు."

ఒక పుస్తకానికి ఒక ఫారం అన్నది వదలొద్దు. లేకపోతే ఎక్కడినుంచో దించిన వంద పేర్ల జాబితా ఒకే కాగితం మీద వస్తుంది. చివరి వాక్యంలో ఆ కాలం ఎంతన్నది మీరు అక్కడ తేల్చుకోవాలి, చాలా తక్కువ పెడితే అదే పుస్తకం మీద ప్రతి మీటింగులో చర్చ వస్తుంది. అర్జీ తరఫు ఆయన ఒప్పుకునే గడువు పెట్టండి, ఆయన సంతకం దాని కింద ఉండాలి.

చినుకుచప్పుడు

ప్రింట్ తీసుకున్నాను. శనివారం మొదటిసారి కూర్చుంటున్నాం. ఆయన నిన్న లైబ్రరీలో కనిపించారు, ఆ రెండు నవలల్లో ఒకటి తీసుకెళ్తున్నారు. రెండోది ఇప్పుడు నా దగ్గరే ఉంది, శనివారం వెళ్తూ తిరిగి ఇచ్చేస్తాను, ఆయన తీసుకుంటారు.